కూకా సరే అంటేనే

నిమ్మకాయను అడ్డంగా కోసి పిండుతుంటే కూకాకు అరచేయి భగ్గుమంది. కత్తి ఎక్కడో గీసుకుని ఉంటుంది. చూసుకోలేదు. మండితే మండనీ అనుకుంది. చేతిలో ఉన్నది నిమ్మరసమేనని ఈ మధ్య ఆమెకు చెప్పేది ఆ మంట ఒక్కటే.

ఇంకా ఆరు కాలేదు. మే నెలలో కొలీమా ఊళ్ళో ఆ వేళకే గోడలు వెచ్చబడతాయి. వాల్దోవినోస్ వాళ్ళ పుల్లైసుల కొట్టు వెనక గదిలో అయితే ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క పుల్లైసులు గడ్డకట్టించే ఉప్పునీటి తొట్టి. ఆ రెంటి మధ్యా నిలబడ్డ మనిషికి వీపు కాలుతుంది, పాదాలు కొంకర్లు పోతాయి. కూకా అక్కడ నలభై తొమ్మిదేళ్ళుగా నిలబడి ఉంది. పదహారో ఏట తండ్రి వెంట మిచోవాకాన్ కొండల్లోని పల్లె నుంచి దిగి వచ్చి ఆ గదిలో అడుగుపెట్టింది, అంతే.

పొట్టి మనిషి. భుజాల దగ్గర మాత్రం మగవాడి వెడల్పు. పాకం గిన్నెలు ఎత్తీ దించీ ముంజేతులు గట్టిపడ్డాయి, నిమ్మ పులుపుకు గోళ్ళ అంచులు తెల్లబారాయి. చిటికెన వేలంత జడను కొప్పుగా చుట్టి పైన గుడ్డ కట్టుకుంటుంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, లోపల రెండు జతల మేజోళ్ళు. అయినా చలి ఆమె మడమల్లోకి ఎప్పుడో కాపురానికి వచ్చేసింది. రెఫూహియో అన్న అసలు పేరు బాప్తిస్మపు కాగితంలో ఉంటే ఉండొచ్చు. ఊరికంతటికీ ఆమె కూకాయే.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. కూకా సరే అననిదే ఏ అచ్చూ తొట్టిలోకి దిగకూడదు. పెట్టింది ఆమె తండ్రి. నీళ్ళలా ఉన్న రసం రుచి వేరు, గడ్డకట్టాక దాని రుచి వేరు. చలి తీపిని తినేస్తుంది. గిన్నెలో ఉన్నప్పుడు సరిగ్గా ఉందనిపించింది పుల్లకెక్కాక చప్పబడుతుంది. కాబట్టి ముందే ఎక్కువ వేయాలి. ఎంత ఎక్కువ? ఏ రోజు పండు ఆ రోజుదే, కొలత పనికిరాదు, నాలుకే చెప్పాలి. చుట్టలు కాల్చి కాల్చి తన నాలుక మొద్దుబారిందని తెలిసిన రోజు ఆ పెద్దమనిషి పదిహేడేళ్ళ కూతురి చేతికి గరిటె ఇచ్చి, పక్కనున్న పదకొండేళ్ళ కొడుకుతో, "ఇకమీదట మీ అక్క సరే అంటేనేరా" అన్నాడు. ఆ కొడుకు నబోర్ ఇప్పుడు కొట్టు యజమాని. కట్టడి మారలేదు.

ఆ గరిటె వదిలి వెళ్ళే అవకాశం కూకాకు ఒక్కసారి వచ్చింది. మాన్సానీయో బస్సు నడిపే ఒకాయన పెళ్ళాడతానన్నాడు. మామిడికాయల కాలం అయిపోనీ అంది కూకా. ఆయన మామిడికాయల కాలం అయ్యేదాకా ఆగాడు, తర్వాత జామకాయల కాలం దాకా కూడా ఆగాడు. చింతపండు వచ్చేసరికి వేరే పిల్లను చేసుకున్నాడు. తప్పు ఆయనదేం కాదు, పళ్ళదీ కాదు. ఆమెకు ఈ గదిలో ఉన్న మాట చెల్లుబడి ఇంకో ఇంట్లో దొరుకుతుందన్న నమ్మకం లేకపోయింది.

మరి అలాంటి నాలుక జనవరిలో పోయింది. జ్వరం పట్టుకుని పది రోజులు మంచాన పడేసింది. లేచాక తాగిన కాఫీ వేడినీళ్ళలా ఉంటే నబోర్‌ను తిట్టింది. మర్నాడు మిరపకాయ కొరికింది. పెదవులు మండాయి, రుచి లేదు. ఉప్పు, బెల్లం, వెల్లుల్లి ఒక్కొక్కటే నోట్లో వేసుకుని చూసి, కళ్ళు తుడుచుకుని, గది తలుపు తీసి బయటికొచ్చి, "ఏరా, అచ్చులు కడిగారా లేదా?" అని కేకేసింది. ఎవరికీ చెప్పలేదు. చేతికి అలవాటైన కొలతలున్నాయి. గరిటెను పెదవులకు ఆనించడం, కళ్ళు మూసుకోవడం, ఆగడం, సరే అనడం, ఇవన్నీ రుచి తెలియకుండా కూడా చేయొచ్చు. రోజూ భయంతోనే చేసింది. నాలుగు నెలలు కావస్తున్నా ఒక్కరూ వేలెత్తి చూపలేదు. నేనింకా ఉన్నాను అనుకుంది కూకా.

"అక్కా, మర్చిపోలేదుగా? చర్చి వాళ్ళ పిల్లలకి తొలి సత్ప్రసాదం ఇవాళ. నాలుగింటికి రెండొందలు. అన్నీ నిమ్మే." నబోర్ గుమ్మంలోంచే అరిచాడు. బొజ్జ ముందొచ్చి మనిషి తర్వాత వస్తాడు.

"మర్చిపోవడానికి నేనేమన్నా నీలాగా పెళ్ళిరోజు మర్చిపోయిన మనిషినా?"

"అది చచ్చిపోయి ఆరేళ్ళయింది, ఇంకా దెప్పుతావేంటి?"

"పైనుంచి అదే దెప్పమంటోంది. నీ కూతురేది?"

"ఓటరు కార్డు మార్పించుకోవాలని తెల్లారకుండానే వెళ్ళి క్యూలో నిలబడింది. ఇవాళ అచ్చుల్లో నేను పోస్తా." అని గుమ్మంలోనే తచ్చాడాడు. ఏదో అనబోయాడు, నీళ్ళు నమిలాడు. మెల్లగా వచ్చి గిన్నెలో వేలు ముంచబోయాడు.

కూకా ఆ చేతిమీద ఫట్‌మని కొట్టింది. "పొగాకు చేతులు! తీయ్!"

అంతలో వీధిలో గ్యాసు బండి హారన్ కొట్టింది. ఖాళీ సిలిండరు రాత్రి నుంచీ గుమ్మం పక్కనే ఉంది. కూకా వెళ్ళి బండివాడితో కాసేపు పోట్లాడి, నిండు సిలిండరు దింపించుకుని వచ్చింది. ఆ నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసం. జ్వరం వచ్చి వెళ్ళాక ఇదొకటి పట్టుకుంది, ఎడమ రెక్క కూడా లాగుతోంది. గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. తర్వాత గిన్నె దగ్గరికెళ్ళి రసం కలియదిప్పి, గరిటె పెదవులకు ఆనించి, కళ్ళు మూసుకుంది.

"సరే" అంది.

అని, రోజూలాగే పెరట్లోకి వెళ్ళి కుండీలకు నీళ్ళు పోసింది. నబోర్ అచ్చుల్లో పోసి, పుల్లలు గుచ్చి, తొట్టిలోకి దించాడు.

మేనకోడలు యదీరా లేకపోవడంతో ఆ పూట కౌంటరు దగ్గర కూకాయే నిలబడాల్సి వచ్చింది. ఆమెకు అది నచ్చదు. వెనక గదిలో ఉన్నంతసేపూ మనుషులు ఆమెకు అడిగిన పళ్ళ పేర్లే. కారం చల్లిన మామిడి రెండు, కొబ్బరి ఒకటి. ఇక్కడైతే మొహాలుంటాయి. వాటికి చెమటలుంటాయి, చెప్పుకోవడానికి కబుర్లుంటాయి.

పదకొండింటికి అబూందియో గారు వచ్చాడు. సైకిళ్ళు బాగుచేస్తాడు. డెబ్బై రెండేళ్ళు, చెవుల్లో తెల్ల వెంట్రుకలు, ఏడాది పొడుగునా ఒకటే టోపీ. రోజూ ఆ వేళకి ఒక నిమ్మ పుల్లైసు తీసుకుని గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుని తిని వెళ్తాడు. ఆయన తింటుంటే కూకా చూడడం బహుశా అదే మొదటిసారి.

"దొరసాని గారే స్వయంగా బయటికొచ్చారే! అగ్నికొండ ఇవాళ పొగ ఎందుకు మానేసిందో ఇప్పుడర్థమైంది. భయపడింది."

"కూర్చోండి కూర్చోండి. కరిగిపోతుంది."

ఆయన కొరికాడు. టక్‌మని చప్పుడైంది. ముక్క తెగలేదు. ఇంకోవైపు తిప్పి దవడపళ్ళతో కొరికాడు, కొంచెం విరిగింది. ఒక కన్ను మూసుకుపోయింది. ఆ కంటి కొసన నీరు ఊరి ముక్కు పక్కగా జారింది. టోపీ సవరించుకునే నెపంతో తుడుచుకున్నాడు. మళ్ళీ కొరికాడు. కూకా చూస్తూనే ఉంది. మొత్తం తిన్నాడు, మందు తాగే పిల్లాడిలా, వదలకుండా, చివరి ముక్క దాకా.

"ఎలా ఉంది అబూందియో గారూ?"

"చల్లగా ఉందమ్మా." పుల్లను జేబురుమాలుతో తుడిచాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "యదీరా ఇవాళ లేదా?"

"కార్డు పని మీద వెళ్ళింది. ఎందుకు?"

"ఏం లేదు, ఏం లేదు. వచ్చాక ఓసారి నిమ్మ చూడమనండి. రోజూ చూస్తుందిగా, అలాగే." అనేశాక ఆయనకు ఏం అన్నాడో తెలిసింది. లేచి నిలబడ్డాడు. ఎండలోకి చూశాడు. "జనవరి నెలాఖర్లో ఒకసారి ఆ పిల్లతో అన్నాను, అంతే. అప్పట్నుంచీ తనే... నేనొట్టి వాగుడుకాయనమ్మా. పట్టించుకోకండి." అంటూ వెళ్ళిపోయాడు.

కూకా వెనక గదిలోకి వెళ్ళింది. పొయ్యి పక్కన గుడ్డ కప్పిన పెద్ద గిన్నె కనిపించింది. గుడ్డ తీసింది. పాకం. అంచుల దాకా, ముట్టుకోకుండా, అలాగే ఉంది. గ్యాసు బండి వచ్చినప్పుడు పక్కన పెట్టింది, పోయడం మర్చిపోయింది. రెండొందల నిమ్మ పుల్లైసులు, ఒక్క చెంచా తీపి లేకుండా. ఒకటి తీసి కొరికింది. రాయి. నోట్లో ఏ రుచీ లేదు గానీ పంటికి తెలిసింది, చక్కెర పడకపోతేనే ఇంత గట్టిగా బిగుసుకుంటుందని.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. తప్పు చేసినందుకు కాదు, పాకం మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఇన్ని నెలలుగా తను అందరినీ మభ్యపెడుతున్నానని తిరిగింది. తన వెనక ఆ పిల్ల చెంచా పట్టుకుని తిరిగింది. ఆ ముసలాయనకు కూడా తెలుసు. ఊళ్ళో ఇంకెంతమందికి తెలుసో! ఇంతకాలం ఆమె అన్న సరే ఎవరికీ అక్కర్లేని సరే.

పన్నెండున్నరకి యదీరా వచ్చింది. ఇరవై ఆరేళ్ళు, తండ్రి ముక్కు, ఎవరిదో తెలియని పొడుగు. "ఆ క్యూలో సగం మంది పాత ఫోటోకీ కొత్త మొహానికీ పొత్తు కుదరక వెనక్కొచ్చారు అత్తా..." అంటూ వెనక గదిలోకి వచ్చి, చక్కెర బస్తా మీద కూర్చున్న అత్తనీ, గోడకు అంటుకుపోయిన తండ్రినీ చూసి ఆగిపోయింది.

"ఎప్పట్నుంచే?" అంది కూకా.

యదీరా తండ్రి వంక చూసింది.

"వాడి మొహాన ఏం రాసుంది? నన్ను చూసి చెప్పు."

"ఫిబ్రవరి మొదట్లో, కాందెలారియా పండగ నుంచి అత్తా."

"నేను కుండీలకి నీళ్ళు పోసి వచ్చేలోపా?"

"ఊఁ."

"దొంగపిల్లా. పిల్లిలా నడవడం ఎక్కడ నేర్చావే?"

"దాన్నేమనకు అక్కా, నేనే చేయమన్నా" అన్నాడు నబోర్. "నీతో ఆ మాట ఎవరనాలి? నాన్నా లేడు. నేనంటే గరిటె తిరగేస్తావు."

"తిరగేసేదాన్నే! తిరగేస్తే తిరగేశాను, నాలుగు దెబ్బలు తిని చెప్పలేకపోయావా? ఊరంతా నవ్వుకునేదాకా ఉంచావు!"

"ఊరు నవ్వలేదు అక్కా. ఊరు తిన్నది." నబోర్ గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు. "ఇవాళ పొద్దున్న వేలు ముంచబోతే నువ్వే కొట్టావు. ఎలాగూ నువ్వు సరే అన్నావు కదా అని పోసేశా. ఏం చేయను, చిన్నప్పట్నుంచీ అదే అలవాటు."

కూకా మోకాళ్ళ మీది చేతులను చూసుకుంది. కోపం అంతా పోయి అడుగున ఉన్నది బయటపడింది. "మరైతే నేనెందుకురా ఇక్కడ?" అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "కడగడానికైతే ఎవరో ఒకరు దొరుకుతారు. నేనెందుకు?"

యదీరా వచ్చి ఆమె ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుంది.

"అత్తా, నీ దగ్గర అబద్ధం చెప్పను. నువ్వు కలిపాక ఏం తక్కువైందో చూసి అది వేస్తున్నా, అంతే. నువ్వు ముందు కలపకపోతే దేంట్లో ఏం వేయాలో నాకు తెలీదు. కొబ్బరి ఒక్కరోజు కూడా ముట్టుకోలేదు. దాంట్లో నీ చెయ్యి తప్పదు."

"కొబ్బరి ఎవరైనా చేస్తారు."

"నేను చేశా. కుక్క కూడా తినలేదు."

కూకాకు నవ్వొచ్చింది. వచ్చినందుకు ఒళ్ళు మండింది. లేచింది. "పిల్లలు నాలుగింటికొస్తారు. ఇద్దరూ నా మొహం చూస్తూ కూర్చుంటే చక్కెర దానంతటదే నడిచి వస్తుందా? నబోర్, పుల్లలు పీకి ఆ రాళ్ళన్నీ గిన్నెలో వెయ్యి. ఒసే, నువ్వు పాకం వేడి చెయ్యి. మరిగే పాకం కొంత పైన పోస్తే అవే కరుగుతాయి. రసం వృథా పోదు."

గంటలోపు రసం మళ్ళీ రసమైంది. మిగతా పాకం పోసేటప్పుడు మాత్రం కూకా గరిటె పట్టుకోలేదు. పక్కన నిలబడింది.

"ఎంత పోయాలి అత్తా?"

"ఇంకా."

"ఇప్పటికే తీపిగా ఉంది."

"తీపిగా ఉంటే చాలదు. ఎవరన్నా చూస్తే ఇదేం తిండి అని సిగ్గుపడేంత ఉండాలి. ఆ సిగ్గు చలికి పోతుంది. పోయి పోయి మిగిలింది మనుషులు తింటారు."

యదీరా ఇంకొంచెం పోసింది. రుచి చూసింది. మళ్ళీ పోసింది. గరిటె పెదవులకు ఆనించి కళ్ళు మూసుకుంది. అచ్చం కూకాలాగే. తొట్టి మోటారు ఒక్కటే గుర్రుమంటోంది.

"సరే" అంది యదీరా, వినీ వినపడకుండా.

నబోర్ అచ్చు పట్టుకుని నిలబడ్డాడు. దించలేదు. కళ్ళు అలవాటు చొప్పున అక్క వైపు తిరిగాయి.

"నావంక చూస్తావేంరా?" అంది కూకా. "చెప్పింది కదా. దించు."

నబోర్ దించాడు. కూకా నడుముకున్న గుడ్డ విప్పి మేకుకు తగిలించింది. ఇంతసేపూ అదిమిపెట్టిన ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఒళ్ళు మాత్రం బస్సులో రెండు రోజులు ప్రయాణం చేసినట్టు బరువుగా ఉంది. "కాసేపు నడుం వాలుస్తాను" అని పెరటి వసారాలోని మడత మంచం మీదికి చేరింది. బూట్లు విప్పి, రెండు జతల మేజోళ్ళూ తీసి, వెచ్చటి ఇటుకల మీద పాదాలు ఆనించింది. హాయిగా ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఆ పాదాలకు ఎండ తగలడం ఎన్నేళ్ళకో.

మొదటి అచ్చు బయటికి రాగానే యదీరా ఒక పుల్లైసును ఎనామిల్ పళ్ళెంలో పెట్టుకుని పరుగున వచ్చింది.

"నాకెందుకే? నాకేం తెలుస్తుంది?"

"ఊరికే తిను అత్తా."

కూకా ఒక మూల కొరికింది. చల్లదనం తెలిసింది. ముక్కను నాలుక మీద కాదు, పళ్ళ మధ్య పెట్టి నెమ్మదిగా నొక్కింది. సన్న ఇసుకలా నలిగింది, గొంతులోకి జారింది. ఇంకోసారి నొక్కి చూసింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"పాకం అర గరిటె ఎక్కువ పోశావు."

"ఆఁ?"

"మెత్తబడింది. పంటికి ఆగట్లేదు. ఎండలో చేతులమీద కారుతుంది. పర్లేదులే, పిల్లలు నాక్కుంటారు. ఇంకోసారి కలిపేటప్పుడు తగ్గించు."

యదీరా నోరు తెరిచి నిలబడింది. "నాకూ కొంచెం ఎక్కువే అనిపించింది అత్తా. నీకెలా తెలిసింది?"

"పళ్ళున్నాయిగా ఇంకా." కూకా నవ్వింది, పెద్దగా, వసారా అంతా వినపడేలా. తర్వాత ఆ నవ్వు సగంలో ఆగింది. జనవరిలో ఈ సంగతి తట్టి ఉంటే! నాలుగు నెలలు దొంగలా భయపడుతూ బతకాల్సిన పనే లేకపోయేది. ఒక్క ముక్క గడ్డకట్టించి కొరికి చూసుకుంటే సరిపోయేది. "ఏం మనిషినో నేను" అంది. "రేపు చింతపండు పట్టుకుందాం. నువ్వు గరిటెతో చెప్పు, నేను పంటితో చెప్తా. ఎవరు ముందు చెప్తారో చూద్దాం. వెళ్ళు, వెళ్ళు, కొట్లో ఎవరూ లేరు."

నాలుగింటికి పిల్లలొచ్చారు. తెల్ల గౌన్లు, తెల్ల చొక్కాలు, జుట్టుకు రాసిన నూనె. పుల్లైసులు మోచేతుల దాకా కారాయి, తల్లులు అరిచారు, పిల్లలు మోచేతులు నాకారు. వసారాలోకి ఆ గోల అంతా వినిపిస్తూనే ఉంది.

ఐదున్నరకి నబోర్ వెనక్కి వచ్చాడు. వసారా మెట్టు మీద కూర్చుని, టోపీతో విసురుకుంటూ, పెరటి కుండీల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఒక్కటి మిగల్లేదు అక్కా. ఫాదర్ గారైతే మూడు తిన్నాడు, ఎవరూ లెక్క పెట్టట్లేదనుకున్నాడు. మన అబూందియో వచ్చి గుమ్మంలో నిలబడి, లోపలికి రాడు. తిడతావని భయం. యదీరా ఒకటి చేతిలో పెడితే కొరికి, అరేయ్ అన్నాడు, అంతే. అరేయ్. ఇంకో మాట లేదు." నవ్వాడు. "రేపట్నుంచి ఇద్దరూ చెప్తారటగా. నాకు భలే చిక్కొచ్చిపడింది, ఒకరు సరే అని ఒకరు కాదంటే అచ్చు పట్టుకుని నేను చావాలి." జవాబుకోసం ఆగాడు. తిట్టైనా రాలేదు. "నిద్రపోయావా?" అని వెనక్కి తిరిగాడు.

ఆమె గోడవైపు తల వాల్చి పడుకుని ఉంది. పాదాలు ఇంకా ఇటుకల మీదే ఉన్నాయి. నబోర్ వాటిని ముట్టుకున్నాడు. ఎండ వాటి మీది నుంచి ఎప్పుడో జరిగిపోయింది. ఆ చలి మడమల్లో ఎప్పుడూ ఉండే చలి కాదని అతనికి వెంటనే తెలిసింది. అక్క పాదాలను రెండు చేతులతో పట్టుకుని, రుద్దితే వెచ్చబడతాయన్నట్టు రుద్దుతూ, రుద్దుతూ అలాగే కూర్చున్నాడు.

మంచం కింద ఎనామిల్ పళ్ళెంలో ఆమె కొరికిన పుల్లైసు ఎప్పుడో కరిగిపోయింది. అడుగున కొంచెం నిమ్మనీళ్ళు, అందులో ఒక గింజ, అంచుకు చేరబడ్డ పుల్ల.